సెమిస్టర్ చివర మా అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు, ఇంటికి రప్పించమంటారా?

ప్రశ్న: మేము వనస్థలిపురంలో ఉంటాము. మా వారు ఉద్యోగ విరమణ చేశారు. మా ఒక్కగానొక్క అబ్బాయి ఎంఎస్ చదవడానికి ఆగస్టులో అమెరికా వెళ్లాడు, షికాగో దగ్గర ఉంటాడు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి 38 లక్షల లోను తీసుకున్నాము. మొదట్లో రోజూ మన ఉదయం ఆరున్నరకు వీడియో కాల్ చేసి, వండుకున్నది చూపించేవాడు. దీపావళి వెళ్లాక మాటలు తగ్గాయి. ఇప్పుడు అదే సమయానికి మేము చేస్తే ఎత్తడు, ఎత్తినా "తర్వాత చేస్తానమ్మా" అని పెట్టేస్తాడు. మొన్న ఒక్కసారి మాత్రం, ఉన్న మూడు సబ్జెక్టుల్లో ఒకటి తలకెక్కడం లేదని, దాన్ని వదిలేద్దామనుకుంటున్నానని, సెలవుల్లో ఒక గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోలు బంకులో, పని దొరికేలా ఉందని చెప్పాడు. మా వారికి కోపం వచ్చి, అప్పు ఎలా తీరుద్దామనుకుంటున్నావని గట్టిగా అడిగారు. అప్పటి నుంచి అన్నిటికీ ముక్తసరి జవాబులే. డిసెంబరు రెండో వారంలో పరీక్షలు. గదిలో ఉండే ముగ్గురూ సెలవులకు బంధువుల ఇళ్లకు వెళ్తున్నారట. టిక్కెట్టు కొని వాణ్ని రప్పించమంటారా? లేకపోతే ప్రొఫెసరుకు మేమే ఈమెయిలు రాయమంటారా?

— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసిన ఒక వివరం దగ్గర నేను ఆగిపోయాను. మన ఉదయం ఆరున్నర అంటే అక్టోబరులో మీ అబ్బాయికి రాత్రి ఎనిమిది. నవంబరు మొదటి ఆదివారం నాడు అమెరికాలో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు కనుక, ఇప్పుడు అదే ఆరున్నర వాడికి సాయంత్రం ఏడు. ఎంఎస్ తరగతులు సాయంత్రం పూట రెండు మూడు గంటలు ఏకబిగిన సాగడం అక్కడ మామూలే. మీరు చేసే సమయానికి వాడు తరగతిలోనో ల్యాబ్‌లోనో ఉండే అవకాశం బాగా ఉంది. వాడి మౌనమంతా గడియారం వల్లనే అని నేను అనడం లేదు. దీపావళి తర్వాత తగ్గిన ఫోన్లలో కొన్నింటికి కారణం మాత్రం ఇంత చిన్నదే కావచ్చు. ఎత్తని ప్రతి ఫోనునూ అలకగా లెక్కవేయకండి.

మిగిలిన మౌనానికి కారణం వేరే ఉంది. అది అర్థం కావాలంటే అక్కడి సెమిస్టర్ ఎలా ముగుస్తుందో మీకు తెలియాలి. మన దగ్గర జేఎన్టీయూలోనో ఉస్మానియాలోనో ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు సెమిస్టర్ చివరి పరీక్ష అంటే ఒక అలవాటైన కథ ఉంటుంది: చివరి పది రోజులు నిద్ర మానుకుని చదవడం, పోతే బ్యాక్‌లాగ్, ఆ పైన సప్లీ రాసి గట్టెక్కడం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా సప్లీ అనేదే లేదు. పోయిన సబ్జెక్టును మళ్లీ డబ్బు కట్టి, మళ్లీ సెమిస్టరంతా కూర్చుని చదవాలి. పైగా మార్కులు చివరి పరీక్ష మీదే ఆధారపడవు. సెప్టెంబరు నుంచి ప్రతి వారం ఇచ్చిన హోంవర్కు, మధ్యలో పెట్టిన మిడ్‌టర్మ్, ప్రాజెక్టు, అన్నీ కలిసి గ్రేడు అవుతాయి. అందుచేత డిసెంబరు వచ్చేసరికి తన చేతిలో ఏముందో, ఏం జారిపోయిందో పిల్లవాడికి ముందే ఇంచుమించుగా తెలిసిపోతుంది. పరీక్ష రాయకముందే ఫలితం తెలిసినట్లుండే ఆ రెండు మూడు వారాలలోనే ఈ పిల్లలు ఇంటికి ఫోన్ చేయడం తగ్గిస్తారు. ముప్ఫై ఏళ్లు కళాశాలలో పాఠం చెప్పిన అనుభవంతో అంటున్నాను, బాగా చదివే పిల్లలే ఈ పని ఎక్కువ చేస్తారు. ఫెయిలయ్యాననే మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పి ఎరగని వాళ్లకు ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియదు.

ఇక సబ్జెక్టు వదిలేసే సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరగా చూడవలసింది ఇదే. ఎఫ్-1 అనే చదువుల వీసా మీద ఉన్న విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ పూర్తిస్థాయి విద్యార్థిగా నమోదై ఉండాలి. మాస్టర్స్ స్థాయిలో ఎన్ని క్రెడిట్లు ఉంటే పూర్తిస్థాయి అన్నది విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. చాలా చోట్ల అది 9 క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు. మీ అబ్బాయికి ఉన్నవి సరిగ్గా మూడే. కంప్యూటరు ముందు కూర్చుని ఒక బటన్ నొక్కితే సబ్జెక్టు పోతుంది గానీ, దానితో పాటు వాడు పూర్తిస్థాయి విద్యార్థి కాకుండా పోతాడు. విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో డీఎస్ఓ అనే అధికారి ఉంటారు. విద్యార్థి వివరాలను సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేసేది వారే. ఆ అధికారి ముందస్తు అనుమతి లేకుండా సబ్జెక్టు వదిలితే వీసా నిబంధన తప్పినట్లే.

అదే అనుమతి ముందు అడిగితే దారి ఉంది. బోధనా పద్ధతి కొత్తదై తట్టుకోలేకపోయినా, ఇంగ్లీషులో చదవడం మొదట్లో కష్టమైనా, తన స్థాయికి సరిపడని సబ్జెక్టులో పొరపాటున చేరినా, కోర్సుల భారం తగ్గించుకోవడానికి నిబంధనలే వీలు కల్పించాయి. ఈ కారణాల మీద ఆ డిగ్రీ మొత్తంలో ఒక్కసారే ఇస్తారు, కనీసం సగం క్రెడిట్లైనా ఉంచుకోవాలి, తరువాతి సెమిస్టరులో మళ్లీ పూర్తి భారం మోయాలి. ఆరోగ్యం బాగోలేదని డాక్టరు రాసిస్తే నియమం ఇంకా సడలుతుంది, అలా మొత్తం 12 నెలల దాకా ఇవ్వవచ్చు. పనిలో ఎక్కువ భాగం పూర్తయి చివర్లో జబ్బు పడితే, మిగిలింది తర్వాత పూర్తి చేసేలా ప్రొఫెసరు 'ఇన్‌కంప్లీట్' అని ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ గడువు లోపల అడిగినవాళ్లకు దొరికేవి. సబ్జెక్టు వదిలేశాక, గ్రేడు పడ్డాక, జనవరిలో వెళ్లి అడిగితే అదే అధికారి చేయగలిగింది చాలా తక్కువ. మామూలుగా సబ్జెక్టు వదులుకునే గడువు కూడా చాలా విశ్వవిద్యాలయాల్లో పరీక్షల వారాలకు ముందే ముగిసిపోతుంది.

వినడానికి వింతగా ఉండే ఇంకో సంగతి కూడా చెప్పాలి. పూర్తిస్థాయి విద్యార్థిగా నమోదై ఉండి, హాజరై, పరీక్ష రాసి ఒక సబ్జెక్టులో ఫెయిలైతే అంతమాత్రాన వీసాకు ముప్పు రాదు. అనుమతి లేకుండా దాన్ని వదిలేస్తే వస్తుంది. గ్రేడు తక్కువ పడితే, నాలుగుకు లెక్కవేసే గ్రేడుల సగటు 3.0 కన్నా దిగవచ్చు, విశ్వవిద్యాలయం ప్రొబేషన్ అనే పేరుతో హెచ్చరిక ఇవ్వవచ్చు. ప్రొబేషన్ అంటే బయటికి పంపేయడం కాదు, ఇంకో సెమిస్టర్ గడువిచ్చి కోలుకోమనడం. కాబట్టి ఇంత ఆలస్యమయ్యాక, డీఎస్ఓ వేరే మార్గం చూపిస్తే తప్ప, వదిలేయడం కన్నా కూర్చుని రాయడమే మేలని నా అభిప్రాయం. ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసం కేటాయించి గదిలో కూర్చుంటారు, ఆఫీస్ అవర్స్ అంటారు. మన పిల్లలు అక్కడికి వెళ్లడాన్ని తప్పు ఒప్పుకోవడంగా భావించి దూరంగా ఉంటారు. ఇక్కడ స్టాఫ్‌రూమ్‌కు పిలుపు వచ్చిందంటే చీవాట్లకే కదా!

మీ ఇంట్లో మొన్న జరిగిన దాన్ని ఈ వెలుగులో ఒకసారి చూడండి. మీ అబ్బాయి ఒకే ఫోనులో రెండు సంగతులు చెప్పాడు, సబ్జెక్టు తలకెక్కడం లేదని, బయట పని దొరికేలా ఉందని. రెండూ ఇంకా జరగనివి, రెండూ సరిదిద్దగలిగినవి. అంటే వాడు సరైన సమయానికే చెప్పాడు. దానికి దొరికిన జవాబు అప్పు గురించిన ప్రశ్న. మీ వారిని నేను తప్పు పట్టడం లేదు, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టిన తండ్రికి ముందు అదే గుర్తొస్తుంది. కానీ ఆ రోజు వాడు నేర్చుకున్నది ఏమిటంటే, ఇంకోసారి ఇలాంటిది చెప్పేటప్పుడు అంతా అయిపోయాక చెబితే సరిపోతుందని. అక్కడి వ్యవస్థలో అయిపోయాక చెప్పడమంత ఖరీదైన పని మరొకటి లేదు. మీరు ఇంటి నుంచి చేయగలిగిన అతి పెద్ద సాయం డబ్బు కాదు, టిక్కెట్టూ కాదు. చెడ్డ కబురు తొందరగా చెప్పినా ఏమీ కాదన్న నమ్మకం వాడికి మళ్లీ కలిగించడం.

గ్యాస్ స్టేషన్ విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడవలసిన అవసరం లేదు. వద్దని స్పష్టంగా చెప్పండి. సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. సెలవుల్లో, తరువాతి సెమిస్టర్ కొనసాగించే విద్యార్థి క్యాంపస్‌లోనే అంతకన్నా ఎక్కువ గంటలు కూడా చేయవచ్చు. భోజనశాల, లైబ్రరీ, పుస్తకాల దుకాణం, పేపర్లు దిద్దే పని, ఏదైనా సరే. అనుమతి లేకుండా బయట పని చేయడం, జీతం చేతికి నగదుగా తీసుకున్నా సరే, నిబంధన ఉల్లంఘనే. చదువు సరిగా సాగక విద్యార్థి వీసా హోదా కోల్పోయినవారికి దాన్ని మళ్లీ పునరుద్ధరించమని కోరే అవకాశం ఉంటుంది, కానీ అనుమతి లేని పని చేసినవారికి ఆ తలుపు కూడా మూసుకుంటుంది. ఆర్థిక ఇబ్బంది మీద బయట పనికి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక అనుమతి ఉంది గానీ, అది ఒక విద్యా సంవత్సరం పూర్తయిన తర్వాతే అడగాలి. మీవాడు వెళ్లి నాలుగు నెలలే అయింది. ఇంకొకటి, రాత్రిపూట గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో పని చేస్తూ కాల్పులకు బలైన తెలుగు పిల్లల వార్తలు మనం ఈ ఊళ్లో పొద్దున్నే కాఫీ తాగుతూ చదివినవే. పార్ట్‌టైమ్ చేసుకుంటే ఖర్చులు వెళ్లిపోతాయని ఇక్కడ కన్సల్టెన్సీలలో చెప్పే మాటకు ఎవరూ రాతపూర్వకంగా పూచీ పడరు, మీరు గమనించే ఉంటారు. వద్దని చెప్పిన తరువాత, సెలవుల్లో వాడి ఖర్చుకు ఎంత కావాలో అడిగి, ఆ మేరకు పంపగలిగితే పంపండి. ఊరికే వద్దంటే ఆ మాట నిలవదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, రప్పించాలా అని. వాడిని అడగకుండా టిక్కెట్టు కొనకండి. సెమిస్టర్ అయ్యాక దొరికే సెలవు నెలకు కాస్త అటూ ఇటూ. టిక్కెట్టు ధర ఏడాదిలో బాగా ఎక్కువగా ఉండే రోజుల్లో క్రిస్మస్ రోజులు కూడా ఉంటాయి. వస్తే శంషాబాద్‌లో దిగిన మర్నాటి నుంచే ఎల్బీనగర్ పెదనాన్నగారింటికి, మేడిపల్లి అత్తయ్యగారింటికి తిప్పుతారు, ప్రతి ఇంట్లోనూ చదువెలా ఉందని అడుగుతారు. ఓడిపోయానని లోపల అనుకుంటున్న పిల్లవాడికి అది విశ్రాంతి కాదు. కానీ వాడే వస్తానంటే మాత్రం లెక్కలు చూడకుండా రానివ్వండి, బంధువుల ఇళ్లకు తిప్పకుండా ఇంట్లో పడుకోనివ్వండి.

ఒకవేళ వాడు వస్తే రెండు మూడు జాగ్రత్తలున్నాయి. భారతీయులకు ఎఫ్-1 వీసా సాధారణంగా ఐదేళ్లకు, ఎన్నిసార్లైనా ప్రవేశించేలా ఇస్తారు. అది చెల్లుబాటులో ఉంటే మళ్లీ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లనక్కరలేదు. అయితే విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 అనే ప్రవేశ పత్రం రెండో పేజీలో ప్రయాణానికి డీఎస్ఓ సంతకం ఉండాలి, ఆ సంతకం చదువుకునే విద్యార్థికి ఏడాది పాటు చెల్లుతుంది. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య చాలా విశ్వవిద్యాలయాల కార్యాలయాలు మూసి ఉంటాయి, అందువల్ల ఆ సంతకం పరీక్షలు కాకముందే పెట్టించుకోవాలి. సబ్జెక్టు వ్యవహారం తేలకుండా మాత్రం విమానం ఎక్కవద్దని చెప్పండి. సెవిస్‌లో నమోదు సరిగా లేకుండా తిరిగి వెళ్లి విమానాశ్రయంలో అధికారి ముందు నిలబడవలసి వస్తే, అప్పుడు సర్దుకునే వీలుండదు.

రాకపోతే, ఖాళీ అపార్ట్‌మెంటులో మూడు నాలుగు వారాలు ఒక్కడే ఉంటాడు. డిసెంబరు మొదట్లో షికాగోలో సాయంత్రం నాలుగున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. మన ఊళ్లో శీతకాలమంటే ట్యాంక్‌బండ్ మీద స్వెటర్ వేసుకుని తిరిగే రోజులు. అక్కడ మధ్యాహ్నం నిద్ర లేచినవాడికి వెలుతురు మూడు నాలుగు గంటలే దక్కుతుంది, బయట మంచు, క్యాంపస్‌లో భోజనశాల మూత. మామూలు మనుషులకే ఆ రోజుల్లో మనసు కుంగుతుంది. గదిలోని ముగ్గురిలో ఎవరి ఊరికైనా వీడిని కూడా కొన్నాళ్లు తీసుకెళ్లగలరేమో, మీ వైపు దూరపు బంధువులెవరైనా ఆ చుట్టుపక్కల ఉన్నారేమో ఇప్పుడే కనుక్కోండి. మొహమాటపడకండి, ఆ దేశంలో మనవాళ్లు డిసెంబరులో ఒకరి ఇంట్లో ఒకరు చాప వేసుకుని పడుకోవడం రివాజే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. తిండి మానేయడం, రాత్రులు నిద్ర లేకపోవడం, "నా వల్ల మీకు భారం" వంటి మాటలు, ఉన్నట్టుండి వస్తువులు ఇచ్చేయడం, ఇవి పరీక్షల ఒత్తిడి దాటిపోయిన సూచనలు. అటువంటిది వినిపిస్తే, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నదాన్ని చెప్పుకోవడానికి వీలు కలుగుతుంది. అక్కడ ఇటువంటి ఆలోచనలు వచ్చినవారికి సాయపడే 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజీ పంపవచ్చు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే అత్యవసర నంబరు 911. విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ కేంద్రం ఉంటుంది. అక్కడికి వెళ్లినంత మాత్రాన ఆ సంగతి వీసా అధికారులకు చేరుతుందని మన పిల్లల్లో ఒక భయం ఉంది, అది నిజం కాదు. గదిలో ఉండే ముగ్గురిలో ఒకరి నంబరైనా మీ దగ్గర లేకపోతే ఇవాళే సంపాదించండి, అవసరమైతే వాళ్లే వెళ్లి తలుపు తట్టగలరు. మీకూ మీ వారికీ నిద్ర పట్టకపోతే ఇక్కడ మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. అటువంటి పరిస్థితే వస్తే మాత్రం గ్రేడూ ఫీజూ అన్నీ పక్కన పెట్టి వాణ్ని తెచ్చేసుకోండి, లేదా మీలో ఒకరు వెళ్లండి. అప్పుడు కూడా, వీలైతే, డీఎస్ఓకు చెప్పి సెలవు తీసుకునే రమ్మనండి. అయిదు నెలలకు మించి చదువుకు దూరమైతే తిరిగి వెళ్లేటప్పుడు ఐ-20తో సహా మొదటి నుంచీ మొదలుపెట్టవలసి రావచ్చు, అయినా ఫరవాలేదు.

ప్రొఫెసరుకు మీరు ఈమెయిలు రాయకండి. అమెరికాలో 1974 నాటి ఒక చట్టం ప్రకారం, కళాశాల విద్యార్థి చదువు వివరాలు అతని అనుమతి లేకుండా తల్లిదండ్రులకు కూడా చెప్పకూడదు. ఫీజు కట్టింది మీరే అయినా సరే! జవాబు రాదు, వచ్చినా మర్యాదగా ఒక వాక్యం వస్తుంది, ఆ ఈమెయిలు సంగతి వాడికి తెలిస్తే మీ మధ్య మిగిలిన నాలుగు మాటలూ పోతాయి. ప్రాణభయం ఉన్నప్పుడు మాత్రం ఈ నియమం చూసుకుంటూ కూర్చోనక్కరలేదు, విశ్వవిద్యాలయ పోలీసు విభాగానికి నేరుగా ఫోన్ చేసి, ఒకసారి వెళ్లి చూసి రమ్మని అడగవచ్చు.

అప్పు గురించి మీ వారితో విడిగా చెప్పవలసింది ఒకటుంది. విద్యా రుణాల్లో సాధారణంగా కోర్సు కాలమూ, ఆపైన ఆరు నెలలో ఏడాదో అసలు కట్టనక్కరలేని గడువు ఉంటుంది, వడ్డీ మాత్రం ఆ రోజుల్లోనూ పెరుగుతుంది. మీరు తీసుకున్నది విద్యా రుణమో, ఇంటి మీద తీసుకున్న మామూలు రుణమో కాగితాలు ఒకసారి తీసి చూడండి, రెండింటికీ నిబంధనలు వేరు. ఒక సబ్జెక్టు మళ్లీ చదవవలసి వస్తే ఎంత అదనమవుతుందో బ్యాంకులో కూర్చుని లెక్క వేయించుకోండి. లెక్క కాగితం మీద ఉంటే కోపం కొంత దిగుతుంది. ఆ కాగితం అబ్బాయికి చూపించవలసిందే, పాతికేళ్ల వయసు వస్తున్నవాడికి ఇంటి పరిస్థితి దాచకూడదు. కానీ గ్రేడులు వచ్చాక, జనవరిలో. ఎదురింటి వాళ్లబ్బాయికి ఇంటర్న్‌షిప్ వచ్చిన సంగతి జనవరిలో కూడా చెప్పనక్కరలేదు. 2023–24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఇంతమందిలో మొదటి సెమిస్టరులో తడబడి డీఎస్ఓ తలుపు తట్టేవాడు మీ అబ్బాయి ఒక్కడే ఎలా అవుతాడు? ఆ కార్యాలయంలో వాళ్లు ప్రతి డిసెంబరులోనూ ఇవే ప్రశ్నలు వింటారు.

ఈ రాత్రికి ఫోన్ చేయకండి, మెసేజీ ఒకటి పంపండి. మీ మాటల్లోనే రాయండి గానీ, ఇంచుమించు ఇలా ఉంటే చాలు: "నాన్నా, మొన్న నువ్వు చెప్పింది మేము సరిగా వినలేదు. సబ్జెక్టు వదలకముందు ఒక్కసారి ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లి అడుగు. బయట పని మాత్రం ఒప్పుకోకు, డబ్బు మేము చూస్తాం. మార్కులు ఎంత వచ్చినా నాకు ముందు చెప్పు." దానికి వెంటనే జవాబు రాకపోతే మరో మెసేజీ పంపకుండా ఓపిక పట్టండి. ఉదయం ఆరున్నర మానేసి, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు చేయండి. అక్కడ అప్పుడు ఆదివారం ఉదయం తొమ్మిది, తరగతులుండవు. మీ వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోన్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకుని, ముందుగా ఏం వండుకున్నాడో అడగండి.